బాకీ పంచె

నేస్తం తల్లి పోతే మనకి మైల ఉంటుందా, ఉండదా? ఎనిమిదేళ్లుగా ఈ ప్రశ్న నారాయణమూర్తి మనసులో పంటి సందున ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. నాలుక అక్కడికే పోతుంది, అది మాత్రం ఊడి రాదు.

పాతపట్నం వైపు, ఒడియా పల్లెలకి ఆనుకుని ఉన్న ఊళ్లలో, నేస్తం అంటే ఉట్టి స్నేహితుడు కాదు. పెద్దవాళ్లు ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి చేత ఒకరికి బెల్లం తినిపించి, ఒకరి చేత ఒకరికి కొత్త పంచె ఇప్పిస్తారు. ఆ రోజు నుంచి వాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. నేస్తం అనే పిలుచుకోవాలి. ఒకరింటి పెళ్లి రెండోవారింటి పెళ్లి, ఒకరింటి చావు రెండోవారింటి చావు. కులం అడ్డు రాదు.

నారాయణమూర్తి నేస్తం ఏసుదానం, బాప్టిస్టు మిషను పేటలో పుట్టినవాడు. చిన్నప్పుడు ఒకే వేసవిలో ఇద్దరికీ అమ్మవారు పోసింది. ఊరి బయట తాటాకు పందిట్లో ఇద్దరినీ పక్కపక్కనే పడుకోబెట్టారు. నారాయణమూర్తి తల్లి జగ్గమ్మా, ఏసుదానం తల్లి ఎలీసమ్మా వంతులేసుకుని వేపమండలతో విసిరేవారు. ఒకామె అమ్మవారికి మొక్కేది, ఇంకొకామె ఏసుప్రభువుకి ప్రార్థన చేసేది. ఎవరు విన్నారో గాని పిల్లలిద్దరూ బతికారు. లేచి తిరగ్గానే తల్లులు వాళ్లని నేస్తం కట్టారు.

ఆ ఎలీసమ్మ పోయినప్పుడు నారాయణమూర్తి పురోహితుణ్ణి అడిగాడు. "కిరస్తానీ చావుకి నీకు మైలేమిటయ్యా" అని ఆయన నవ్వేశాడు. సరేనని ఆ సాయంత్రం మామూలుగానే దేవుడి దగ్గర దీపం పెట్టాడు. పెట్టడం తప్పా, పెట్టకపోవడం తప్పా? దేవుణ్ణే అడిగాడు. దేవుడు ఎప్పటిలాగే ఊరుకున్నాడు.

ఇన్నేళ్లకి ఆ పీచు మళ్లీ సలపడం మొదలుపెట్టింది. దానికి కారణం హైదరాబాదు పళ్ల డాక్టర్ల కాలేజీ దరఖాస్తు.

నారాయణమూర్తి పెద్ద కూతురు పద్మకుమారి శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి పి.యు.సి. ఫస్టుక్లాసులో ప్యాసయింది. పళ్ల డాక్టర్నవుతానని చిన్నప్పుడే అంది. అలా అనిపించింది వాళ్ల మామ్మ జగ్గమ్మ నోరే. సంతలో గొడుగు కింద కూర్చుని పళ్లు పీకేవాడొకడు ఆవిడకి నొప్పి పన్ను ఉంచేసి పక్క పన్ను పీకాడు. దవడ గుమ్మడికాయలా వాచి, మనిషి చచ్చి బతికింది. అన్నాళ్లూ పక్కన కూర్చుని గంజి పోసింది పద్మకుమారే.

"నా పల్లన్నీ ఊడిపోయినాక సదువుతాదంట" అంటుంది జగ్గమ్మ ఇప్పుడు. "నా నోట్లో ఏటి మిగిలిందని సూస్తావే?"

"నీకు కట్టుడు పళ్లు పెడతాను మామ్మా."

"పెట్టు. జంతికలు తినీసి సస్తాను."

దరఖాస్తు ఇంగ్లీషులో ఉంది. నారాయణమూర్తిది ఐదో క్లాసు చదువు. రామాయణం తడుముకోకుండా చదువుతాడు గాని ఇంగ్లీషు అక్షరం రాదు. పద్మకుమారి అరుగు మీద కూర్చుని వరస వరసా తెలుగులో చెప్పింది.

"అమ్మాయి గుణం మంచిదని ఇద్దరు రాసియ్యాల నాన్నా. ఒకటి మా ప్రిన్సిపాలుగారు రాసిచ్చీసినారు. రెండోది మన వైపు బాధ్యత గల మనిషి. నన్ను అయిదేళ్లబట్టీ ఎరిగుండాల. మనకి సుట్టం కాకూడదు."

వంటింట్లోంచి భార్య తవిటమ్మ అంది, "మేష్టారున్నారు కదా. దీని అచ్చరాలు దిద్దించిన కాడి నుంచీ ఎరుగుదురు."

మేష్టారంటే ఏసుదానమే. మిషను హైస్కూలుకి హెడ్మాస్టరు.

నారాయణమూర్తి తల అడ్డంగా ఊపాడు. "నేస్తం సుట్టం కాదేటి? సుట్టం కన్నా ఎక్కువ. కాదని కాయితం మీద ఎలాగ రాయిస్తాం?"

"హైదరాబాదోళ్లకి నేస్తం అంటే ఏటో తెల్దు నాన్నా."

"ఆల్లకి తెల్దు. మనకి తెల్సు కదా."

ఇంక మిగిలింది పంచాయతీ సమితి ప్రెసిడెంటు చినబాబు. పెద్దవాళ్ల సంతకమైతే పైనున్న పెద్దవాళ్లు గౌరవిస్తారని ఊళ్లో నలుగురూ అదే చెప్పారు. నారాయణమూర్తి చొక్కా ఉతికించుకుని బయల్దేరాడు. ఒకనాడు వెళ్తే బాబుగారు పూజలో ఉన్నారన్నారు. ఒకనాడు భోంచేసి పడుకున్నారన్నారు. ఆఖరి తేదీ దగ్గర పడుతున్న కొద్దీ ఆ ఇంటి గేటు ఇనుము చేతికి మరింత వేడిగా తగిలేది. చివరికి ఒక మధ్యాహ్నం చినబాబు ఉయ్యాలబల్ల మీద దొరికాడు. చుట్టూ ఇద్దరు ముగ్గురు మనుషులున్నారు. నారాయణమూర్తిని కూర్చోమనలేదు.

"ఏటి మూర్తీ, పిల్లని డాక్టర్ని సేస్తావంట?"

"పళ్ల డాక్టరు బాబూ."

"ఆడపిల్ల ఊళ్లోవోల్ల నోట్లో సెయ్యెట్టుకుని బతకడమేటయ్యా?" అని చినబాబు అంటే పక్కనున్నవాళ్లు నవ్వారు. "ఏ పిల్ల? బర్రెల్ని తోలుతాది, అదేనా?"

"అది రెండోది బాబూ. ఇది పెద్దది. శ్రీకాకుళంలో సదివింది."

"ఏదైతేనేటిలే. రాస్తాను. పిల్ల మేలిమి బంగారం అని రాస్తాను." చినబాబు కాళ్లతో నేలని తన్ని ఉయ్యాల ఊపాడు. "నువ్వూ నాకో సంతకం పెట్టాల. మా పాలేరు కూర్మయ్య లేడూ, కూలి పెంచమని పేటంతటినీ ఎగదోస్తన్నాడు. మా కొట్టులో ధాన్యం పోయిందని స్టేషన్లో కాయితం ఇచ్చినాను. ఆడు గోనె మోసుకెల్తంటే నువ్వు సూసినట్టు సెప్పాల. నీలాటి దైవభక్తి గలోడు సెప్తే ఎవులైనా నమ్ముతారు."

"నేను సూడలేదు బాబూ."

"నేను మీ పిల్లని సూసినానేటి?"

నారాయణమూర్తికి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి నుంచి మాడు దాకా మంట లేచింది. ఇన్నాళ్లూ గేటు దగ్గర నిలబడినందుకు కాదు, కూర్చోమననందుకు కాదు. తన భక్తి కూడా వాడి లెక్కలో ఒక సరుకే. పొద్దున్నే లేచి సూర్యుడికి పెట్టే దణ్ణం, ఆదివారం ఒంటిపూట ఉపవాసం, అన్నీ కలిపి కూర్మయ్య చేతికి బేడీలు వెయ్యడానికి పనికొస్తాయని వాడు ముందే తూకం వేసి ఉంచాడు.

"నా కూతురు మంచిదనిపించుకోడానికి కూర్మయ్య దొంగవ్వాలా బాబూ?" అన్నాడు. గొంతు పెంచలేదు. స్టూలు మీద పెట్టిన దరఖాస్తు తీసి మడిచాడు.

"ఓహో. అయితే ఎవుల సేత రాయిస్తావు, ఏసుదానం సేతా? నీ నేస్తమని ఊరంతటికీ తెల్సు. సుట్టం సేత రాయించినారని హైదరాబాదుకి ఓ కార్డుముక్క పడితే సాలు."

"మీరు కార్డు రాసుకోండి. దానికైతే సాచ్చికం అక్కర్లేదు."

బయటికొచ్చి ఎండలో ఎటు నడుస్తున్నాడో చూసుకోలేదు. చూసుకునేసరికి మిషను హైస్కూలు ముందున్నాడు. బడి వదిలేశారు. ఏసుదానం గదిలో ఒక్కడూ కూర్చుని కాపీలు దిద్దుతున్నాడు. నేస్తం మొహం చూసి లేచి కుర్చీ జరిపి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. నారాయణమూర్తి జరిగింది చెప్పి దరఖాస్తు అతని ముందు పెట్టాడు.

"ముందే నా దగ్గరకి తేవాల్సింది" అని ఏసుదానం కలం తీశాడు. చదువుతూ చదువుతూ ఒక వరస దగ్గర ఆగాడు. కలానికి మూత పెట్టేశాడు.

"నేస్తం, ఇది నేను రాయలేను. బంధువును కానని రాయమంటన్నాది. అబద్ధ సాక్ష్యం పలకొద్దని పిల్లలకి రోజూ సెప్తన్నాను. నేనే ఎలాగ రాస్తాను?"

మొన్న అరుగు మీద నారాయణమూర్తి అన్నదీ అదే. కాని ఇంకొకరి నోట వినేసరికి ఒళ్లు భగ్గుమంది. చినబాబు మీద పూర్తిగా చూపించలేని కోపమంతా ఇక్కడ గట్టు తెంచుకుంది.

"అబద్ధం సెప్పమని ఆడూ నిజమే సెప్తానని నువ్వూ కలిసి నా పిల్ల గొంతు కోస్తన్నారు" అన్నాడు. "సుట్టమో కాదో ఒక్కరైనా తిన్నగా సెప్పరేటి? పురోయితుడు కాదన్నాడు. నువ్వు అవునంటన్నావు. సావుకి కానోణ్ణి సంతకానికి అయిపోతానేటి?"

ఏసుదానం తలెత్తాడు. "పురోహితుడు ఎప్పుడన్నాడు?"

నోరు జారిన మాట వెనక్కి రాదు. "అమ్మ పోయినప్పుడు" అన్నాడు నారాయణమూర్తి.

"మా అమ్మకి నువ్వు మైల పట్టలేదా, నేస్తం?"

"పట్టలేదు."

ఏసుదానం ముందున్న కాపీల అంచులు సర్దాడు. సర్దినవే మళ్లీ సర్దాడు. "మాకు మైల లేదులే" అన్నాడు చివరికి. "గాని నువ్వు పట్టుంటావనుకున్నాను."

నారాయణమూర్తి దరఖాస్తు లాక్కుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి కాయితం మంచం మీద పడేశాడు. మజ్జిగలో ఉప్పు లేదని తవిటమ్మ మీద అరిచాడు. తడిక వెయ్యలేదని పద్మకుమారి మీద అరిచాడు. సందె వేళయినా దేవుడి దగ్గరికి వెళ్లలేదు. వెళ్లి ఏమని అడుగుతాడు? మంచి మనిషి అబద్ధం చెప్పడు, చెడ్డ మనిషి అబద్ధానికి ఖరీదు అడుగుతాడు, మధ్యలో పిల్ల చదువు పోతుంది. ఇదేం న్యాయం స్వామీ అంటే ఆయన మళ్లీ ఊరుకుంటాడు. ఊరుకునేవాళ్లని చూస్తే ఆవేళ నారాయణమూర్తికి మరీ మండుతోంది.

"రేపు పోస్టులో రిజిస్టరు సెయ్యకపోతే తేదీ దాటిపోతాది నాన్నా" అంది పద్మకుమారి మెల్లగా.

అంతలో ఏసుదానం గొడుగు చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోకుండానే అన్నాడు, "మిషను ఆసుపత్రి డాక్టరు గార్ని అడిగితేనో?"

"ఆయనొచ్చి రెండేళ్లు. అయిదేళ్లెలాగ ఎరుగును?" నారాయణమూర్తి మొహం తిప్పుకునే జవాబు చెప్పాడు.

వసారాలో నులకమంచం మీంచి జగ్గమ్మ లేచి కూర్చుంది. "ఏటిరా మీ గోల? ఒకడు అరుస్తాడు, ఒకడు నసుగుతాడు."

పద్మకుమారి మామ్మ పక్కన చేరి అంతా చెప్పింది. చుట్టం కాకూడదట, ఏసుదానం చిన్నాన్న చుట్టమేనట, ఇద్దరూ అదే పట్టు పట్టారట.

జగ్గమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎవులన్నారురా మీరు నేస్తాలని? పంచేదీ?"

జగ్గమ్మే మళ్లీ అందుకుంది.

"ముప్పై ఏల్లు దాటి అడుగుతన్నాను, ఎవులికైనా సెవికెక్కినాదేటి? నా కొడుకు సేత నేను పంచె ఇప్పించినాను. పసుపెట్టి మరీ ఇప్పించినాను. ఎలీసమ్మేటన్నాది? ఈ ఏడు పంట పోనాది వొదినా, వచ్చే ఏడిస్తానన్నాది. వచ్చే ఏడు గాలివోన. ఆపైన ఈడికి పుస్తకాలు. ఇచ్చిందేటి? ఇయ్యలేదు. రెండు పంచెలూ మారితేనేరా నేస్తరికం. ఒక పంచెకి సగం. సగం సుట్టరికం ఎక్కడైనా ఉన్నాదేటి?"

"ఉద్యోగం రాగానే నేను తెచ్చేనమ్మా" అన్నాడు ఏసుదానం. "మీ అబ్బాయే పుచ్చుకోలేదు."

నిజమే. నారాయణమూర్తే వద్దన్నాడు. బాకీ తీరిపోతే నిన్ను ఎత్తిపొడవడానికి నాకేటి మిగుల్తాది నేస్తం, ఉండనీ, అన్నాడు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, సంతల్లో, బస్సులో కూడా "నా పంచేది" అని పదిమందిలో అడిగి ఏడిపించడం అతనికి అలవాటైపోయింది.

"అమ్మా, ఇది ఆచారమేనా, పిల్ల కోసం ఇప్పుడు పుట్టించినావా?" అన్నాడు నారాయణమూర్తి.

"నేను పుట్టించడానికి నేనేటి బ్రెమ్మదేవుణ్ణా? మా మేనమావకి కంచిలి కాడ ఓ నేస్తం ఉండీవోడు. పంచె మారక ముందే ఆడు సచ్చిపోతే మా మావకి మైల లేదన్నారు. నా కల్లతో సూసినాను."

నారాయణమూర్తి స్తంభానికి చేరగిలబడ్డాడు. ఎనిమిదేళ్ల పీచు ఇంత సులువుగా ఊడి వచ్చింది. పురోహితుడు చెప్పిన కారణం తప్పు, చెప్పిన తీర్పు ఒప్పు. ఆ దీపం పెట్టడం తప్పు కాదు. మరి తేలిగ్గా ఉండాలి కదా? ఉండలేదు. తనని బతికించిన తల్లికి తను ఏమీ కాడని తేలితే, అది తేలకపోతేనే బాగుండేదనిపించింది.

ఏసుదానం కూర్చున్నాడు. పద్మకుమారి లాంతరు దగ్గరగా జరిపింది. అతను ఆలోచించి ఆలోచించి రాశాడు. రాసింది తెలుగులో చదివి వినిపించాడు. ఈ అమ్మాయిని అక్షరాభ్యాసం నుంచి ఎరుగుదును. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో నేను పొరపాటున ఎక్కువ వేసిన మార్కులు తనే వచ్చి చూపించి తగ్గించుకుంది. దాని వల్ల రెండో స్థానానికి దిగింది. ఏడవలేదు. నేను ఈమెకు బంధువును కాను.

ఆఖరి వాక్యం చదివేటప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట" అన్నాడు సంతకం పెట్టి. "ఇవాళ కానని రాసి రేపు అవునని తిరిగితే ఇదీ అబద్ధమే అవుతాది. సీటు తేలేదాకా నేనీ ఇంటికి రాను. పద్మా, నన్ను సిన్నాన్న అనకు."

"ఏటనాల?"

"మేష్టారను. అందరూ అంటారు కదా."

"నేనెప్పుడూ అన్లేదు" అంది పద్మకుమారి. కోపంతో ఆమె పెదవులు బిగుసుకున్నాయి. అతను గుమ్మం దిగేదాకా అలాగే చూస్తూ నిలబడింది.

మాటంటే మాటే. ఏసుదానం రాలేదు. నాట్లు పడ్డాయి, చవితి వచ్చింది. ఉండ్రాళ్లలో అతని వాటా గిన్నెలో అలాగే ఉండిపోతే తవిటమ్మ కూర్మయ్యకి పెట్టింది. సాక్షి లేక కూర్మయ్య మీద కేసు నిలవలేదు గాని చినబాబు అతన్ని పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు నారాయణమూర్తి మడిలోనే పనిచేస్తున్నాడు. బజార్లో నేస్తాలిద్దరూ ఎదురుపడితే నమస్కారం పెట్టుకుని తప్పుకునేవారు. అలా నమస్కారం పెట్టిన ప్రతిసారీ నారాయణమూర్తి ఇంటికొచ్చి ఎవరో ఒకరి మీద అరిచేవాడు.

పద్మకుమారి ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చింది.

"మీ హెడ్మాస్టరు మీకు బంధువని కార్డు వచ్చింది, నిజమేనా అనడిగినారు నాన్నా. కాదండీ అన్నాను. నిజమే కదా సెప్పినాను. నిజం సెప్తే నోరింత సేదుగా ఉంటాదని నాకు తెల్దు."

నారాయణమూర్తికి చినబాబు మాట గుర్తొచ్చింది. కార్డు ఎవరు రాశారో అడగక్కర్లేదు.

సీటు వచ్చిందని కవరు అందిన సాయంత్రం కబురు పంపకుండానే ఏసుదానం వచ్చాడు. గొడుగుతో పాటు చంకలో ఒక గుడ్డమూట ఉంది. పద్మకుమారి పెరట్లోంచి "సిన్నాన్నా" అని పిలిచిన పిలుపు వీధి చివరిదాకా వినిపించింది. ఈసారి అతను వద్దనలేదు.

మూట విప్పాడు. లోపల పొందూరు ఖద్దరు పంచె. మడతల దగ్గర పసుపుపచ్చబడింది. మధ్యలో పెట్టిన వేపాకు పొడి పొడి అయి రాలింది.

"ఇది నేను కొన్నది కాదు నేస్తం. నువ్వు నాది పుచ్చుకోలేదని అమ్మకి తెలిసి, కూలి డబ్బులు దాచుకుని తనే కొన్నాది. ఇద్దామనుకుంటూనే పోయింది. నువ్వు దీన్నీ ఎగతాళి సేస్తావని నేనే పెట్లో ఉంచేసినాను."

నారాయణమూర్తి చెయ్యి చాపబోయి ఆగాడు. తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, ఇది పుచ్చుకుంటే ఆవిడ సావు నాకు తగుల్తాదా?"

"తగల్దేటి? పూర్తి నేస్తానివి."

"ఎనిమిదేళ్లయినాది కదా."

"ఏడాది దాటినాక కబురు తెలిస్తే తానం సాలంటారు. ఎల్లి సేసిరా. అందాకా ఆ పంచె ముట్టుకోకు."

నారాయణమూర్తి నూతి దగ్గరికి వెళ్లి, కట్టుబట్టలతోనే చేద మీద చేద తోడుకుని నెత్తిన పోసుకున్నాడు. ఆ నీళ్ల కింద ఇన్నాళ్ల కోపం పూర్తిగా చల్లారిందని చెప్పలేం. చినబాబు ఉయ్యాలలోనే ఉన్నాడు, కార్డు రాసిన చెయ్యి బాగానే ఉంది. కాని ఒక్క సంగతి మాత్రం తోచింది. దేవుడు ఊరుకున్నాడంటే జవాబు లేదని కాదేమో, ఇచ్చిపుచ్చుకోవలసింది ఏదో మిగిలిపోయిందనేమో.

నీళ్లు కారుతూనే వచ్చి కూర్చున్నాడు. తవిటమ్మ బెల్లం తెచ్చింది. ఏసుదానం పంచె కొసకి పసుపు రాసి, రెండు చేతులతో నేస్తం చేతుల్లో పెట్టాడు.

"ఇంక నన్ను ఎత్తిపొడవడానికి నీకేటీ లేదు" అన్నాడు.

"ఎతుక్కుంటాన్లే" అన్నాడు నారాయణమూర్తి.

జగ్గమ్మ పంచె కొస అందుకుని నేతని వేళ్లతో తడిమి చూసింది. తర్వాత మిషను సమాధుల వైపు మొహం తిప్పి, పక్కింటి మనిషితో అన్నట్టుగా మామూలు గొంతుతో చెప్పింది.

"ఎలీసమ్మొదినా, పంచె ముట్టినాది."